చిత్రావతి నౌకకు రెండు ఎడమ పక్కలు

మీ చేతిలో ఒక బటన్ ఉంది. నౌకకు ఎడమ సగం గీసి దాన్ని నొక్కితే కుడి సగం దానంతట అదే వచ్చి అతుక్కుంటుంది. పోయిన నెల బెంగళూరులో యానిమేషన్ నేర్చుకునే పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే వెళ్లాను. అక్కడ ఒకమ్మాయి ఆ బటన్ నొక్కి చూపించింది. నేను కళ్లజోడు సర్దుకునేలోపే నౌక పూర్తయిపోయింది. "మీ రోజుల్లో దీనికి ఎంతసేపు పట్టేది మేడం?" అని అడిగింది. నెల పట్టేదమ్మా, ఒకసారైతే ఒక మనిషి పేరు కూడా పోయింది అని చెప్పబోయి ఊరుకున్నాను. పిలిచి శాలువా కప్పినచోట అంత మాట ఎందుకులే అనుకున్నాను. రైలెక్కాక నా మీద నాకే కోపం వచ్చింది. ఈ ఊరుకోవడం నాకు పాత జబ్బు. ఎలాగూ ఉద్యోగం అయిపోయింది కాబట్టి ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

నేను టీవీ సీరియళ్లకు నమూనాలు తయారు చేయించే పనిలో ముప్పై ఏళ్లు ఉన్నాను. కూలే కోటలు, మునిగే పడవలు, వరదలో కొట్టుకుపోయే ఊళ్లు, అన్నీ ఒక బల్ల మీద పట్టేవే. ప్రమోషన్ల సంగతి రాయను. అవి రాకపోతే ఏడుస్తాం, వస్తే మర్నాటికి మరిచిపోతాం. మీకు పనికొచ్చేది నాకు తెలిసినంతలో ఒక్క నౌక కథే.

సగం గీసే ఇల్లు

మాది ధర్మవరం. నాయన పట్టుచీరల అంచులకు, కొంగులకు గ్రాఫులు గీసేవాడు. గళ్ల కాగితం మీద ఎర్ర పెన్సిలుతో ఒక్కో గడి నింపుకుంటూ పోతే హంస వచ్చేది, నెమలి వచ్చేది. ఒక గడి అంటే ఒక పోగు. ఆ కాగితం చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం పైన జకార్డు అనే పెట్టెలో తిరుగుతుంటే ఏ పోగు లేవాలో, ఏది పడుకోవాలో తేలుతుంది.

ఎదురెదురుగా రెండు హంసలున్న అంచు కావాలంటే నాయన రెండు హంసలు గీసేవాడు కాదు. ఒకటే గీసి, కాగితం పక్కన చిన్న బాణం వేసేవాడు. మగ్గం కట్టే మనిషి ఆ బాణం చూసి, అక్కడిదాకా వచ్చిన పోగులను మళ్లీ వెనక్కి వరసగా కడతాడు. రెండో హంస మగ్గం మీద దానంతట అదే పుడుతుంది. ధర్మవరంలో ఈ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పరు. ఎవరైనా కొత్తవాడు రెండు సగాలూ గీసుకొస్తే, "ఏమప్పా, మీ ఇంట్లో కాగితాలు ఎక్కువైనాయా?" అని నవ్వుతారు.

నడిమి పోగు మాత్రం ఒక్కటే ఉండాలి. తిప్పి కట్టేటప్పుడు దాన్ని రెండుసార్లు కడితే హంసల ముక్కుల మధ్య గీత ఉబ్బినట్టు కనిపిస్తుంది. నాయన ఆ ఉబ్బును వీధిలో పోయే ఆడవాళ్ల చీరల్లో కూడా పట్టేసి, కళ్లార్పకుండా చూసి, అమ్మ చేత తిట్లు తినేవాడు.

ఇలాంటి ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి నా కంటికి సగం బొమ్మ నిండు బొమ్మే. పుస్తకాల్లో దీన్ని సౌష్ఠవం అంటారని చాలా ఆలస్యంగా తెలిసింది. మా ఇంట్లో "రెండు పక్కలా ఒకటే" అనేవాళ్లం. ఆ అలవాటు నాకు ముప్పై ఏళ్లు అన్నం పెట్టింది. ఒకసారి గడ్డి కూడా తినిపించింది.

శేషగిరి గారు చెప్పింది ఎందుకు నిజం

మా డైరెక్టరు శేషగిరి గారు కోస్తా నుంచి వచ్చినాయన. పిల్లల సీరియల్ ఒకటి తీయడానికి హిందూపురంలో మూతపడిన, పట్టుగూళ్ల నుంచి దారం తీసే రీలింగు షెడ్డును అద్దెకు తీసుకున్నారు. యంత్రాలు పోయినా ఉడికిన పట్టుపురుగుల వాసన గోడలను వదల్లేదు. ఆయన దానికి విరుగుడుగా పొద్దున్నే అగరొత్తుల కట్ట మొత్తం వెలిగించేవారు. రెండూ కలిసి ఏ కంపు పుట్టేదో చెప్పనలవి కాదు. అందులోనే మా అంతరిక్షం. నల్లగుడ్డ, దానికి వెనకనుంచి సూదితో పొడిచిన నక్షత్రాలు, సన్నటి తీగల మీద వేలాడే నౌక.

కథ ఏమిటంటే, నీళ్లయిపోయిన ఒక లోకం నుంచి కొందరు నౌకలో బయలుదేరి గ్రహం తర్వాత గ్రహం నీళ్లకోసం వెతుకుతారు. నీళ్లు వెతికే నౌకకు ఎప్పుడో తప్ప నీళ్లు పారని మా ఏటి పేరు, చిత్రావతి అని పెట్టింది నేనే. శేషగిరి గారికి ఆ ఏరు తెలియదు. పేరు బాగుందన్నారు.

నేను మొదట గీసుకెళ్లిన నౌకకు ఒక పక్క పెద్ద గిన్నె, ఇంకో పక్క సన్నటి గొట్టాలు. అంతరిక్షంలో గాలి లేదు కదా, రెండు పక్కలా రెక్కలు ఉండాల్సిన పనేముంది, అసలు రెక్కలే అక్కర్లేదని నా వాదన. ఎక్కడో చదివిన ముక్క. ఆయన కాగితాన్ని దూరంగా పెట్టి చూసి, "నౌకకు అక్కర్లేదమ్మా, చూసేవాళ్లకు కావాలి. పిల్లవాడు దీన్ని పలక మీద ఒక్క నిమిషంలో గీయగలగాలి. పైగా ఇది ముందుకు పోతోందో వెనక్కి పోతోందో నాకే తెలియడం లేదు" అన్నారు.

ఆ రోజు చిన్నబుచ్చుకున్నాను కానీ, ఆయన చెప్పిందే నిజం. మనిషి ముఖానికి రెండు పక్కలా ఒకటే ఉంటుంది. ఎద్దుకూ అంతే, బస్సుకూ అంతే. ఎదురుగా వచ్చే వస్తువులో మనం ముందు ముఖం వెతుక్కుంటాం. ముఖం దొరికితే దానితో స్నేహమో విరోధమో పెట్టుకుంటాం. ఏ పక్కకు ఆ పక్క వేరుగా ఉన్న నౌకను చూస్తే యంత్రం అనుకుంటారు తప్ప, అది ఆపదలో ఉంటే ఏడవరు. మీరు కొత్తదనం కోసం ఒంటిపక్క నౌకలు గీసే ముందు ఈ సంగతి కాస్త ఆలోచించండి.

ఇంకో లాభమూ ఉంది. నౌక పోతున్నట్టు ఎడమ పక్కనుంచి ఒకసారి తీస్తే చాలు. తిరిగొచ్చేటప్పుడు ఆ బొమ్మనే అద్దంలో లాగా తిప్పేస్తారు. అందుకని నౌక మీద అక్షరాలు రాయకూడదు. నేను రాశాను. తిప్పి చూస్తే చిత్రావతి కాస్తా ఎవరికీ అర్థంకాని భాష అయింది. చెరిపేసి, ఆ స్థానంలో మా ఊరి చీరల మీది గుడి అంచు వేశాను, గోపురాల్లా వరసగా త్రిభుజాలు. గుడి ఎటు తిప్పినా గుడే.

అయినా ఒక తప్పు మిగిలింది. నౌక పూర్తయ్యాక ఎడమ పక్కన తలుపు ఒకటి అతికించి, కుడిపక్కన అతికించలేదు. బొమ్మ తిప్పితే అదే తలుపు కుడిపక్కకు వచ్చేది. సీరియల్ వస్తున్న రోజుల్లో చిలమత్తూరు నుంచి ఒక బడిపిల్ల ఉత్తరం రాసింది. కెప్టెన్ పోయేటప్పుడు ఎడమ తలుపులోంచి ఎక్కి, వచ్చేటప్పుడు కుడి తలుపులోంచి దిగుతున్నాడు, లోపల దారి తప్పాడా అని. షెడ్డులో అందరం పడి పడి నవ్వాం. తర్వాత కుడిపక్కన కూడా తలుపు పెట్టించాను.

పెనుకొండ వడ్రంగి

ప్రక్కనుంచి తీసేదానికైతే ఒక సగం చేసి ఊరుకోవచ్చు. కానీ ప్రతి వారం పేర్లు పడ్డాక నౌక నల్లని ఆకాశంలోంచి నేరుగా మన మీదికి రావాలని శేషగిరి గారి కోరిక. ఎదురుగా వస్తే రెండు చెంపలూ కనిపిస్తాయి. కాబట్టి రెండు సగాలూ కావాలి. మంచం పొడుగు నౌక, లోపల బోలుగా, తేలికచెక్కతో.

హిందూపురంలో ఇద్దరు వడ్రంగులు నా బొమ్మ చూసి తలుపులు, కిటికీలు అయితే చేస్తామన్నారు. మూడోవాడు పెనుకొండ దేవదానం పేరు చెప్పాడు. మంచాలు, చర్చికి బల్లలు, ఊళ్లో ఎవరు పోయినా శవపెట్టె, అన్నీ ఆయన చేతివే. యాభై దగ్గర పడ్డ మనిషి. నేను బొమ్మ విప్పితే చాలాసేపు చూసి, "ఇది యాడ తేల్తాదిమ్మా?" అని అడిగాడు. ఆకాశంలో అన్నాను. "అయితే కాళ్లు అక్కర్లే" అని, కొలతలు రాసుకోవడం మొదలుపెట్టాడు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది నాకు ఏ బళ్లోనూ చెప్పలేదు. ఒక పక్క చెక్కినాక దాన్ని తలకిందులు పెట్టి చూసేవాడు. "సరిగ్గా పెట్టి చూస్తే కన్ను నీకు నచ్చచెప్తాదిమ్మా. తలకిందులు పెడితే దానికి ఏమీ తెలీదు, ఉండేది ఉన్నట్టు చెప్తాది" అనేవాడు. ఇప్పటికీ నేను ఏ బొమ్మనైనా తలకిందులు చేసి చూస్తాను. మీ తెర మీద కూడా అది ఒక్క క్షణం పని. చేసి చూడండి, మీరు సిగ్గుపడే తప్పు ఒకటైనా దొరుకుతుంది.

ఈ పని కోసం ఆయన మంచాల పని పక్కన పెట్టాడు. సీరియల్ మొదట్లో పేర్లు పడేచోట 'నౌక నిర్మాణం: దేవదానం' అని వేస్తామని శేషగిరి గారు మాటిచ్చారు. దేవదానానికి సినిమా పిచ్చీ లేదు, టీవీ పిచ్చీ లేదు. కానీ ఆయన చేసిన మంచం మీద ఎవరూ ఆయన పేరు రాయలేదు. శవపెట్టె మీద ఎలాగూ రాయరు. ఆ మాట ఆయన పెనుకొండలో చర్చికి వచ్చేవాళ్లందరికీ చెప్పుకున్నాడు. "మా పేరు టీవీలో పడ్తాది" అని ఆయన భార్య మరియమ్మ కూరగాయల అంగడిలో కూడా చెప్పిందట.

అతికించిన రోజు

నేను ఆయనకు ఇచ్చింది సగం బొమ్మ. ఎడమ సగం. నిలువు కొలత, అడ్డ కొలత, రెక్క ఎక్కడ, కిటికీలు ఎక్కడ, అన్నీ శుభ్రంగా గీశాను. పక్కన చిన్న బాణం వేశాను. కింద '2' అని రాశాను. ధర్మవరంలో ఏ మగ్గం దగ్గరైనా అది చాలు.

నెల రోజులు ఆయన పెనుకొండలో తన కొట్టంలోనే పని చేశాడు. నేను రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ బల్ల మీద ఒక సగమే ఉంది, రెండోది ఇంకా మొద్దు దశలో ఉంది. ఉన్నదాన్ని చూసి మురిసిపోయి వచ్చాను. ఆ మురిపెంలో రెండోదాని సంగతి అడగలేదు.

అతికించే రోజున షెడ్డుకు ఛానల్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయన చూసి తల ఊపితే సీరియల్ మొదలవుతుంది. దేవదానం తెల్లచొక్కా వేసుకుని, రెండు సగాలనూ దుప్పట్లలో చుట్టి ఆటోలో తెచ్చాడు. దుప్పట్లు విప్పాడు. ఒకదాన్ని నేను పట్టుకున్నాను, ఒకదాన్ని ఆయన పట్టుకున్నాడు. దగ్గరికి తెచ్చాం.

కలవలేదు. ముక్కులు రెండూ ఒకే వైపు పెడితే ఒక సగానికి రెక్క పైన ఉంది, ఇంకో సగానికి కింద ఉంది. రెక్కలు రెండూ పైకి పెడితే ఒక ముక్కు తూర్పుకు, ఒక ముక్కు పడమరకు. నేను నా సగాన్ని అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఆయనా తిప్పాడు. రెండూ ఎడమ కాలి చెప్పులే. ఎంత తిప్పితే మాత్రం ఏం లాభం?

నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. మంచానికి నాలుగు కోళ్లూ ఒకటే. రెండు చెయ్యమని రాస్తే మంచాలు చేసే మనిషి అచ్చుగుద్దినట్టు రెండు చేస్తాడు. ఆ బాణం ఆయనకు నేను చెప్పని భాష.

ఛానల్ పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. శేషగిరి గారి ముఖం ఎర్రబడింది. "ఎవరి తప్పు ఇది?" అన్నారు.

నేను నేల చూశాను. కొత్త ఉద్యోగం, ఛానల్ మనిషి ఎదురుగా ఉన్నాడు, ఆడదానికి ఈ పని ఎందుకిచ్చారని అప్పటికే గొణుగుతున్నవాళ్లు గోడవారన నిలబడి ఉన్నారు. ఈ కారణాలన్నీ తర్వాత కూర్చుని పోగేసుకున్నవి. అప్పుడు మాత్రం ఒకటే కారణం, భయం.

దేవదానం సంచిలోంచి నా బొమ్మ తీసి, నిలువుగా చూశాడు, తలకిందులు చేసి చూశాడు. "బాణం ఉండాది సార్. అదేందని నేను అడగల్సింది. అడగల్యా" అన్నాడు.

"ఇక మీరు రానక్కర్లేదు" అన్నారు శేషగిరి గారు.

ఆయన దుప్పట్లు మడత పెట్టుకున్నాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. చూపులో కోపం లేదు, ఏదో అడుగుతున్నట్టు ఉంది. నేను కొలతల కాగితాలు సర్దుతున్నట్టు నటించాను. ఆ నటనకు ఏ సీరియల్లోనైనా వేషం ఇవ్వొచ్చు.

తప్పులోంచి అద్భుతం పుట్టిందని మన రంగంలో చాలా కథలు చెబుతుంటారు. మాకేమీ పుట్టలేదు. ఒక రెక్క పైకీ ఒక రెక్క కిందికీ ఉన్న నౌకను రెండు మేకులతో కలిపి, తీగకు కట్టి వేలాడదీసి కూడా చూశాం. కూలిన గాలిమరలా ఉంది.

నాయన అడిగిన ప్రశ్న

సాయంత్రం రైల్లో ధర్మవరం వచ్చాను. నాయన గ్రాఫు ముందు కూర్చుని ఉన్నాడు. నా బొమ్మ ఆయన ముందు పరిచి జరిగింది చెప్పాను. అసలు నేను వెళ్లింది ఓదార్పు కోసం. వడ్రంగికి బొమ్మ చదవడం రాలేదని ఆయన అంటాడని నా ఆశ.

నాయన బాణం మీద వేలు పెట్టాడు. "దీన్ని చూస్తే నేనైతే తిప్పి కడతా. మన వీధిలో ఎవురైనా కడతారు. ఆయప్ప ఏం చేస్తాడంటివి?"

"మంచాలు, నాయనా."

"మంచాలు చేసేటాయప్పకు మన బాణం ఎట్ల తెలుస్తాదిమ్మే? నువ్వు చెప్పినావా?"

"చెప్పలే."

"సరే, అది పొరపాటు. ఎవురైనా చేస్తారు. ఆయప్పను పొమ్మన్నప్పుడన్నా చెప్పినావా?"

నేను బొమ్మను చుట్టబోయాను. ఆయన పెన్సిలు కింద పెట్టి, "అది పొరపాటు కాదు" అన్నాడు. ఇంకేమీ అనలేదు. అమ్మ అన్నానికి పిలిస్తే లేచి వెళ్లిపోయాడు. నాయన నన్ను కొట్టిన రోజులున్నాయి, అవేవీ ఇంత నొప్పి పెట్టలేదు.

పొద్దున మొదటి రైలెక్కాను. ధర్మవరం తర్వాత పెనుకొండ, ఆ తర్వాత హిందూపురం, మూడూ ఒకే లైను మీద ఉంటాయి. పెనుకొండలో రైలు ఆగినప్పుడు దిగి ముందు దేవదానం కాళ్లు పట్టుకోవాలనిపించింది. దిగలేదు. ఆయనకు కావాల్సింది నా కన్నీళ్లు కాదు, ఆయన పని. అది హిందూపురంలో ఉంది.

శేషగిరి గారికి నిలబడే చెప్పాను. తప్పు నాది, బాణం మా ఊరి అలవాటు, ఆయనకు నేను వివరించలేదు, నిన్న నోరు మూసుకున్నాను, పంపిస్తే నన్ను పంపించండి అని. ఆయన ఆరిపోయిన అగరొత్తిని మళ్లీ వెలిగించారు.

"నిన్ననే చెప్పి ఉంటే ఏమయ్యేది?" అన్నారు.

"మీరు నన్ను తిట్టేవారు."

"అంతే కదా. తిట్టి, టీ తెప్పించేవాణ్ణి." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అతన్ని పిలిపించు. కానీ పేర్ల జాబితా నిన్న సాయంత్రమే ఛానల్ ఆయన చేతికిచ్చి పంపాను. అతని పేరు కొట్టేశాను."

మార్పించమని అడిగాను. చూద్దాం అన్నారు. శేషగిరి గారి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయన కన్ను బంగారం. ఒక వెంట్రుక తేడా ఉన్నా పట్టుకునేవారు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'చూద్దాం' అనేవారు, చూసేవారు కాదు. ఇలాంటి పెద్దలు మీకూ దొరుకుతారు. వాళ్ల దగ్గర పని నేర్చుకోండి. వాళ్ల 'చూద్దాం' నమ్ముకుని ఎవరికీ మాటివ్వకండి.

నిండు బొమ్మ

మధ్యాహ్నానికి పెనుకొండ వెళ్లాను. దేవదానం కొట్టం ముందు ఒక పాత కుర్చీకి కాలు వేస్తున్నాడు. జరిగింది మొత్తం చెప్పాను. మరియమ్మ గడపలో నిలబడి వింటోంది.

"ఆ బాణం అంటే తిప్పి చెయ్యమనా?" అన్నాడు.

"అవునన్నా."

"ఒక్క మాట చెప్పింటే చేసిందును గదమ్మా." కుర్చీ కాలును నేలకు తట్టి చూశాడు. "నిన్న ఎందుకు చెప్పల్యా?"

"భయమేసిందన్నా."

"నాకూ భయమేసింది" అన్నాడు. "యాభై ఏండ్లకు నాకు బొమ్మ చూసేది రాదేమో అనిపిచ్చె. రాత్రంతా అదే." ఆ మాటకు మరియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. నా భయం ఉద్యోగం గురించి. ఆయన భయం తన చేతుల గురించి.

దేవదానం కుర్చీని పక్కకు నెట్టి, "సగం బొమ్మ ఇంకెప్పుడూ నాకియ్యొద్దు. రెండు పక్కలా గీసి తీసుకురా" అన్నాడు. అక్కడే నేల మీద కూర్చుని గీశాను. నడిమి గీత దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. రెండు సగాలకూ చెరొక నడిమి పట్టీ గీస్తే అతికించాక ముక్కు ఉబ్బుతుంది. మా నాయన హంసల సంగతి చెప్పాను. ఆయన ఠక్కున, "అయితే నడిమి పట్టీ ఈ పక్కకే ఉంచుదాం, ఆ పక్కది దీనికి ఆనుకుంటాది" అన్నాడు. అలా చేశాం కాబట్టే చిత్రావతి ముక్కు అంత సన్నగా వచ్చింది.

ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా నేను ఎవరికీ సగం బొమ్మ ఇవ్వలేదు. రెండో సగం చేత్తోనే గీశాను. గీస్తుంటే తెలిసిన ఇంకో సంగతి చెబుతాను. అచ్చంగా కొలిచి రెండు పక్కలా ఒకటే చేసిన వస్తువు చల్లగా, చచ్చినట్టు ఉంటుంది. దేవదానం చేసిన కుడి సగంలో ఒక కిటికీ గోరంత పైకి ఉంది, రెక్క కొన కాస్త గుండ్రంగా తిరిగింది. కొలబద్ద పెడితే తప్ప తెలియదు. కానీ దీపం పక్కనుంచి వేసి చూస్తే నౌకకు ప్రాణం ఉన్నట్టుండేది. మీ బటన్ నొక్కాక, కుడిపక్కన ఒక్క గీతనైనా మీ చేత్తో కదపండి. ఎవరూ కనిపెట్టరు, అందరికీ నచ్చుతుంది.

సగం తిప్పి చేయడానికి ఆయనకు రెండు వారాలు పట్టింది. ఈసారి అతికించినప్పుడు సందులో కాగితం కూడా దూరలేదు. శేషగిరి గారు నౌక చుట్టూ మూడుసార్లు తిరిగి, దేవదానం భుజం తట్టి, టీ తెప్పించారు. నేను పేరు సంగతి మళ్లీ గుర్తు చేశాను. చూద్దాం అన్నారు.

ఆదివారం

సీరియల్ మొదటి భాగం ఆదివారం పొద్దున. చర్చిలో ప్రార్థన అయ్యాక అక్కడే అందరం కలిసి చూస్తామని, నన్ను తప్పకుండా రమ్మని దేవదానం కబురు చేశాడు. పేరు ఉందో లేదో నాకు ఖాయంగా తెలియదు. శేషగిరి గారు మార్పించి ఉంటారేమోనని ఒక ఆశ. ఆ ఆశ పేరు చెప్పుకుని నేను దేవదానానికి ముందుగా ఏమీ చెప్పలేదు. మళ్లీ అదే జబ్బు.

చర్చి పక్క హాల్లో, ఆయన చేసిన బల్ల మీదే టీవీ పెట్టారు. ముందు పిల్లలు, వెనక చాపల మీద ఆడవాళ్లు, గోడవారన మగవాళ్లు. నన్ను మరియమ్మ పక్కన కూర్చోబెట్టారు. దేవదానం అదే తెల్లచొక్కాలో ద్వారం దగ్గర నిలబడ్డాడు. సంగీతం మొదలైంది. పేర్లు పడ్డాయి. కథ ఎవరిదో వచ్చింది. నౌక రూపకల్పన అని నా పేరు వచ్చింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత కెమెరా, సంగీతం, శేషగిరి గారు. అంతే.

హాలంతా ఒక క్షణం గుసగుసలు. గోడవారన ఎవరో, "ఏమప్పా దేవదానం, నీ పేరు యాడ?" అన్నారు.

"వచ్చి పాయ గదా" అన్నాడు దేవదానం. "జల్దీ పాయ. మీరు చూడల్యా."

"నేను చూసినా" అంది మరియమ్మ గట్టిగా.

మరియమ్మకు చదువు రాదు.

నేను లేచి నిలబడ్డాను. గొంతు పెద్దగానే వచ్చింది. "రాలేదు. పేరు రాలేదు. తప్పు నేను చేసినాను, అన్న మీద వేసినారు. నేను నోరు తెరిచేసరికి ఒకరోజు ఆలస్యమైంది, అప్పటికి పేరు కొట్టేసినారు. ఆ నౌక చేసింది ఈయన. రెండు పక్కలూ ఈయనే చేసినాడు."

పిల్లలు వెనక్కి తిరిగి నా వైపు చూస్తున్నారు. నేను దేవదానం వైపు చూశాను. ఈసారి తల దించుకోలేదు. ఆయన నన్ను కాదు, నా భుజం మీదుగా టీవీ చూస్తున్నాడు.

"కూచోమ్మా" అన్నాడు. "అడ్డముండావు. నౌక వస్తాండాది."

మరియమ్మ పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది.